వాషింగ్టన్: ఒక ఊరిపేరు ఇంటిపేరై ఎవరిళ్లకు చేరింది

అమెరికా జనగణన శాఖ 2000 సంవత్సరపు లెక్కల నుంచి ఇంటిపేర్ల జాబితా ఒకటి తయారుచేసింది. అందులో వాషింగ్టన్ అన్న ఇంటిపేరున్నవాళ్లు 1,63,036 మంది తేలారు. వాళ్లలో దాదాపు 90 శాతం నల్లజాతివారు. తెల్లవాళ్లు నూటికి ఐదుగురు. 2010 నాటికి మొత్తం 1,77,386కు పెరిగింది, నల్లజాతివారి వాటా 87.5 శాతం దగ్గర ఉంది. బాగా వాడుకలో ఉన్న అమెరికన్ ఇంటిపేర్లలో ఇంత ఎక్కువ వాటా మరో పేరుకు కనిపించదు. తర్వాతి స్థానంలో ఉన్న జెఫర్సన్ కూడా 2000లో 75 శాతం దగ్గరే ఆగింది.

ఆ దేశపు మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ తెల్లవాడు, వందల మంది బానిసలతో ఎస్టేటు నడిపించినవాడు. ఆయనకంటే ముందు ఆ పేరు ఈశాన్య ఇంగ్లండ్‌లో ఒక పల్లెది. పల్లె పేరు ఒక దొర కుటుంబానికి ఎలా అంటుకుంది, ఆ కుటుంబంతో రక్తసంబంధం లేని లక్షన్నర మందికి ఎలా చేరింది అన్నది చూస్తే, ఇంటిపేరును బట్టి వంశం చెప్పేయడం ఎంత తొందరపాటో తెలుస్తుంది.

ఇంగ్లిష్ ఇంటిపేర్లను స్థూలంగా నాలుగు గంపల్లో వేస్తారు. తండ్రి పేరు నుంచి వచ్చినవి (జాన్సన్), వృత్తి నుంచి వచ్చినవి (స్మిత్, టేలర్), మనిషి రూపాన్నో తీరునో బట్టి పెట్టినవి (బ్రౌన్, లాంగ్), ఊరిని బట్టో నేలను బట్టో వచ్చినవి. నాలుగోది పెద్ద గంప. ఫోర్డ్, హామ్, లీ, టన్ అన్న చివరలతోనే ఇంగ్లిష్ ఇంటిపేర్లు ఎక్కువగా నడుస్తాయని 17వ శతాబ్దం నుంచీ ఒక నానుడి ఉంది. టన్ అంటే మొదట కంచె వేసిన పొలం, తర్వాత ఆ పొలం చుట్టూ పెరిగిన పల్లె. సర్ ఐజాక్ గారి న్యూటన్ అంటే మన కొత్తూరే. కొత్తూళ్లు ఎన్ని ఉంటాయో అన్ని న్యూటన్‌లూ ఇంగ్లండ్‌లో ఉన్నాయి కాబట్టి, న్యూటన్ అన్న పేరు చూసి ఏ ఊరివాడో చెప్పడం కుదరదు. వాషింగ్టన్ అలా కాదు. ఆ పేరున్న ఊళ్లు వేళ్లమీద లెక్కపెట్టేన్నే.

వాటిలో ముఖ్యమైనది డర్హమ్ కౌంటీలో, వేర్ నదికి ఉత్తరాన ఉండేది. ఇప్పుడది సండర్లండ్ నగర పాలన కిందకు వస్తుంది. 1964లో ప్రభుత్వం దాన్ని కొత్త పట్టణంగా ప్రకటించి ఇళ్లు, రోడ్లు వేసింది. పక్కనే నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉంది. పాత ఇంగ్లిష్ పేరును విడదీసినవాళ్లు, హ్వస్సా లాంటి పేరున్న ఒక మనిషికో అతని మనుషులకో చెందిన పల్లె అని అర్థం చెబుతారు. ఆ మనిషి గురించి ఇంకే కాగితమూ మిగల్లేదు, ఊరిపేరులోనే ఉన్నాడు. దక్షిణాన ససెక్స్‌లో మరో వాషింగ్టన్ ఉంది, డెర్బీషైర్‌లో వెస్సింగ్టన్ ఉంది. పాత రోజుల్లో అక్షరాలకు ఒక స్థిరమైన పద్ధతి లేదు కాబట్టి వెస్సింగ్టన్, వాస్సింగ్టన్, వాషింగ్టన్ ఒకదానిలోకి ఒకటి జారిపోవడం తేలిక. అంటే ఇంగ్లండ్‌లో సైతం ఈ ఇంటిపేరున్నవాళ్లంతా ఒకే వంశమని అనుకోవడానికి లేదు.

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలుచుకునేదాకా మామూలు మనిషికి ఒకే పేరు. గెలిచినవాళ్లు భూములు పంచుకున్నాక, ఏ భూమి ఎవరిదో రాసుకోవాల్సి వచ్చింది. ఫలానా ఊరి విలియం, ఫలానా ఊరి రాబర్ట్ అని కాగితంమీద ఎక్కేది. మధ్యలో ‘డి’ అన్న ఫ్రెంచి ముక్క చేరేది. ఇది పైవాళ్ల దారి. కిందివాళ్లకు ఊరిపేరు మరో దారిలో అంటుకునేది. సొంత ఊళ్లో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరిపేరుతో పిలవరు, అక్కడ అందరిదీ అదే ఊరు గదా. పని కోసమో పెళ్లి వల్లో వేరే ఊరికి పోతేనే పాత ఊరు ఇంటిపేరుగా మారుతుంది. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కొణిదెల, నందమూరి ఈనాటికీ మ్యాప్‌లో దొరికే ఊళ్లే, ఆ ఇంటిపేర్లవాళ్లలో ఎక్కువమంది ఉండేది మాత్రం ఇంకెక్కడో.

వాషింగ్టన్ విషయంలో మొదటి దారి కాగితం మీద స్పష్టంగా దొరుకుతుంది. డర్హమ్ బిషప్ మామూలు మతాధికారి కాదు, ఆ ప్రాంతానికి దాదాపు రాజులాంటివాడు. బిషప్ హ్యూ 1183లో తన భూములన్నిటికీ ఒక లెక్కల పుస్తకం రాయించాడు, దాన్ని బోల్డన్ బుక్ అంటారు. అందులో హార్ట్‌బర్న్ ఊరి విలియం అనే ఆయన పద్దు ఉంది. హార్ట్‌బర్న్‌ను బిషప్‌కు వదిలేసి, దానికి బదులుగా ఈయన వాషింగ్టన్ తీసుకున్నాడు, చర్చి, చర్చి భూమి మినహా. అందుకు ఏడాదికి నాలుగు పౌండ్లు కట్టాలి. బిషప్ పెద్ద వేటకు బయల్దేరినప్పుడు నాలుగు గ్రేహౌండ్ వేటకుక్కలను తీసుకుని వెంట వెళ్లాలి.

ఈ పద్దును కాస్త నెమ్మదిగా చదవాలి. ఈ మనిషికి అప్పటికే ఒక ఊరిపేరుంది. భూమి మార్పిడి జరగగానే ఆ పేరు పోయి కొత్త ఊరి పేరు వచ్చింది. ఆ తర్వాత కుటుంబం వెస్సింగ్టన్ అనే నిలిచింది. బిషప్‌కు హార్ట్‌బర్న్ అక్కర్లేకపోయి ఉంటే అమెరికా రాజధాని పేరు హార్ట్‌బర్న్ అయి ఉండేదేమోనని సరదాకి అనుకోవచ్చు. నేటి ఇంగ్లిష్‌లో ఆ మాటకు ఛాతీలో మంట అని అర్థం కాబట్టి, ఒకరకంగా బతికిపోయారు. అసలు విషయం ఏమిటంటే, ఈ ఇంటిపేరు పుట్టిన క్షణంలోనే అది రక్తాన్ని పట్టుకుని లేదు. ఆస్తిని పట్టుకుని ఉంది.

ఆ తర్వాతి రెండు మూడు వందల ఏళ్లలో ‘డి’ ఊడిపోయి, ఊరు చేతులు మారినా పేరు మాత్రం మనుషులతోనే ఉండిపోయింది. ఇంగ్లండ్ అంతటా ఇంటిపేర్లు వారసత్వంగా స్థిరపడిన కాలం అది. జాన్ వెస్సింగ్టన్ అనే ఆయన 1416 నుంచి 1446 దాకా డర్హమ్ మఠానికి పెద్దగా ఉన్నాడు. 1613లో వాషింగ్టన్ ఊళ్లోని గఢీని డర్హమ్ బిషప్‌కే అమ్మేశారు. అప్పటికి వంశంలో ఒక కొమ్మ చాలాకాలం కిందటే లంకషైర్ వైపు వెళ్లి వార్టన్ అనే ఊళ్లో పాతుకుపోయింది.

ఆ కొమ్మలోంచి వచ్చిన లారెన్స్ వాషింగ్టన్ 16వ శతాబ్దంలో నార్తాంప్టన్‌లో ఉన్ని వ్యాపారం చేసి బాగుపడ్డాడు. 1532లో ఆ పట్టణానికి మేయర్ అయ్యాడు. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలను రద్దుచేసి వాటి ఆస్తులను అమ్ముకుంటున్న రోజులవి. 1539లో లారెన్స్ ఆ బేరంలో సల్‌గ్రేవ్ ఎస్టేటు కొన్నాడు. పాత పద్ధతే నడుస్తూ ఉంటే ఈ కుటుంబం ఇక ‘సల్‌గ్రేవ్’ వారై ఉండాలి. అవ్వలేదు. ఇంటిపేరు అప్పటికి గట్టిపడింది. ఇంగ్లండ్ చర్చిలు పుట్టుక, పెళ్లి, చావు రాయడం మొదలుపెట్టింది సరిగ్గా దీనికి ఏడాది ముందు, 1538లో. ప్రతి ఆదివారం పాదిరి రాసే పుస్తకంలో తండ్రి పేరు పక్కన కొడుకు పేరు పడుతుంటే, ఇంటిపేరు మార్చుకోవడం అంత తేలికేం కాదు.

ఈ కుటుంబపు చిహ్నం ఒకటి చెప్పుకోవాలి. తెల్లటి డాలు మీద అడ్డంగా రెండు ఎర్ర పట్టీలు, వాటిపైన మూడు ఎర్ర నక్షత్రాలు. వార్టన్ చర్చిలో రాతి మీద, సెల్బీ మఠం కిటికీ గాజు మీద ఇది కనిపిస్తుంది. 1938లో వాషింగ్టన్ నగరం తన జెండాకు యథాతథంగా ఈ బొమ్మనే తీసుకుంది. ఇంటిపేరు చెబితే చాలు వంశ చిహ్నాన్ని కప్పు మీద అచ్చువేసి అమ్మే దుకాణాలు ఇంగ్లండ్‌లో, అమెరికాలో, ఆన్‌లైన్‌లో బోలెడు. ఇంగ్లండ్ పద్ధతిలో చిహ్నం ఒక వ్యక్తికి, అతని సంతతికి దక్కేది. ఇంటిపేరుకు చిహ్నమంటూ ఉండదు. ఆ కప్పులో టీ తాగితే తాగొచ్చు, అంతకుమించి దానికి విలువ లేదు.

అమెరికా చేరడం కూడా పథకం ప్రకారం జరిగింది కాదు. సల్‌గ్రేవ్ వంశంలోని మరో లారెన్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, ఎసెక్స్‌లోని పర్లీ ఊళ్లో పాదిరి అయ్యాడు. అంతర్యుద్ధంలో రాజు పక్షాన ఉన్నాడని, తాగుడు దుకాణాల చుట్టూ తిరుగుతాడని ఆరోపించి 1643లో పార్లమెంటు పక్షంవాళ్లు ఆయనను కొలువు నుంచి తీసేశారు. కుటుంబం చితికిపోయింది. కొడుకు జాన్ పొగాకు వ్యాపారపు ఓడలో పనికి కుదిరి వర్జీనియా వెళ్లాడు. 1657 తొలి రోజుల్లో ఆ ఓడ పొటోమాక్ నదిలో ఇసుక తిన్నెకు తగులుకుంది. జాన్ ఇక తిరిగి వెళ్లలేదు. అక్కడే పెళ్లి చేసుకుని, భూములు సంపాదించి పొగాకు పండించాడు. 1732లో పుట్టిన జార్జ్ వాషింగ్టన్‌కు ఈయన ముత్తాత.

జార్జ్‌కు సొంత పిల్లలు లేరు. ఆ ఇంటిపేరును వర్జీనియాలో ముందుకు నడిపింది ఆయన అన్నదమ్ములు, పినతండ్రుల సంతానం. వాళ్లదీ చిన్న కుటుంబమేం కాదు. అయినా ఒక్కడుగా దిగినవాడి వారసులు, అటుఇటుగా వలసవచ్చిన మరికొందరు వాషింగ్టన్‌లు కలిసినా, 2010లో అమెరికాలో ఆ పేరున్న తెల్లవాళ్లు 9,000 చిల్లర మంది. మిగతా లక్షన్నర మంది ఎక్కడినుంచి వచ్చారన్నదే అసలు ప్రశ్న.

ఎవరికైనా మొదట తట్టే జవాబు ఒకటుంది: వాళ్ల పూర్వీకులు జార్జ్ వాషింగ్టన్ దగ్గర బానిసలుగా ఉండి ఉంటారు, ఆయన పేరే పెట్టుకుని ఉంటారు అని. లెక్క చూస్తే ఇది నిలవదు. 1799లో, తాను చనిపోయిన ఏడాదే, జార్జ్ తన మౌంట్ వెర్నాన్ ఎస్టేటులో ఉన్న బానిసల జాబితా రాయించాడు. మొత్తం 317 మంది. వాళ్లలో ఆయన సొంతమని చెప్పదగినవాళ్లు 123 మందే. ఎక్కువమంది భార్య మార్తా మొదటి భర్త తాలూకు కస్టిస్ ఎస్టేటుకు చెందినవాళ్లు, కొందరు పొరుగు ఆసామి దగ్గర అద్దెకు తెచ్చినవాళ్లు. తనవాళ్లకు విముక్తి ఇవ్వమని జార్జ్ వీలునామాలో రాశాడు, మార్తా 1801 జనవరి 1న వాళ్లను వదిలింది. కస్టిస్ వారి వాటాను వదిలే అధికారం ఇద్దరికీ లేదు. ఇలా బయటపడ్డవాళ్లు పెట్టుకున్న ఇంటిపేర్లలో వాషింగ్టన్ అరుదు.

అయితే ఒకరు పెట్టుకున్నారు, ఆయన కథ చెప్పకుండా దాటిపోవడం బాగుండదు. హ్యారీ అనే ఆయనను ఆఫ్రికా నుంచి తెచ్చారు, జార్జ్ 1763లో కొన్నాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, తిరుగుబాటుదార్ల బానిసలు తమ వైపు వస్తే స్వేచ్ఛ ఇస్తామని వర్జీనియాలో బ్రిటిష్ గవర్నర్ ప్రకటించాక, 1776లో హ్యారీ మౌంట్ వెర్నాన్ నుంచి పారిపోయి బ్రిటిష్ సైన్యంలో చేరాడు. యుద్ధం ఓడిపోయి 1783లో న్యూయార్క్ రేవు ఖాళీ చేస్తున్నప్పుడు, తమతో తీసుకెళ్తున్న నల్లవాళ్ల జాబితాను బ్రిటిష్ అధికారులు రాసుకున్నారు. అందులో ఆయన పేరు హ్యారీ వాషింగ్టన్ అని ఉంది. ఓడెక్కి నోవా స్కోషియా చేరాడు, 1792లో అక్కడినుంచి సియెర్రా లియోన్ వెళ్లాడు. 1800లో అక్కడి కంపెనీ పాలన వేసిన భూమి శిస్తు మీద జనం తిరగబడితే హ్యారీ కూడా అందులో ఉన్నాడు, శిక్షగా ఊరి నుంచి వెళ్లగొట్టారు. పన్నుల గొడవలో తిరుగుబాటు చేసిన వాషింగ్టన్‌లు చరిత్రలో ఇద్దరున్నారు. డాలర్ నోటు మీదకెక్కింది ఒకరే.

జార్జ్ తర్వాత మౌంట్ వెర్నాన్ ఆయన అన్నదమ్ముల బిడ్డ బుష్‌రోడ్ వాషింగ్టన్‌కు దక్కింది. ఈయన సుప్రీంకోర్టు జడ్జి. 1821లో 54 మంది బానిసలను లూసియానా వైపు అమ్మేశాడు. వర్జీనియాలో, ఇతర దక్షిణ రాష్ట్రాల్లో వాషింగ్టన్ బంధువుల ఎస్టేట్లు ఇంకా ఉండేవి. అక్కడినుంచి అమ్ముడై దూరాలకు పోయినవాళ్లతో కొన్నిచోట్లకు ఈ పేరు వెళ్లి ఉండొచ్చు. కానీ ఆ ఎస్టేట్లన్నీ కలిపినా దీనికి సరిపోవు.

బానిసలకు ఇంటిపేర్లు లేవని చాలామంది అనుకుంటారు. కాగితాలు చూస్తే అలాగే అనిపిస్తుంది. 1850, 1860 జనగణనల్లో బానిసలకు విడిగా ఒక పట్టిక ఉండేది. దానిలో యజమాని పేరు రాసి, కింద ఒక్కో మనిషికి ఒక్కో వరుసలో వయసు, ఆడో మగో, ఒంటి రంగు రాసేవారు. పేరుకు గడే లేదు. ‘35, మగ, నలుపు’ అని ఉంటుంది, అంతే. అయితే కాగితంలో లేకపోవడం వేరు, మనుషులకు లేకపోవడం వేరు. తమలో తాము వాడుకునే ఇంటిపేర్లు వాళ్లకు ఉండేవని, అవి చాలాసార్లు ఆనాటి యజమానివి కావని చరిత్రకారుడు హెర్బర్ట్ గట్‌మన్ 1970లలో ఎస్టేట్ల దస్తావేజులు వెతికి చూపించాడు. తాతను కొన్న పాత యజమాని పేరు పట్టుకుని ఉంటే, అమ్ముడై విడిపోయిన అన్నదమ్ములను ఎప్పటికైనా గుర్తుపట్టడానికి వీలుంటుంది. ఇప్పటి దొర పేరుతో ఆ పని జరగదు. దొరల ముందు ఈ పేర్లు పైకి చెప్పేవారు కాదు.

1865లో బానిసత్వం రద్దయ్యాక ఈ పేర్లు ఒక్కసారిగా కాగితంమీదకు వచ్చాయి. కూలి ఒప్పందానికి, పెళ్లి నమోదుకు, బ్యాంకు ఖాతాకు, ఓటుకు అన్నిటికీ రెండో పేరు కావాలి. ఉన్నవాళ్లు ఉన్నది చెప్పారు. లేనివాళ్లు, చెప్పడం ఇష్టం లేనివాళ్లు ఒకటి ఎంచుకున్నారు. కొందరికి గుమస్తాయే రాసేశాడు.

బుకర్ వాషింగ్టన్ తన ఆత్మకథలో రాసుకున్న సంగతి దీనికి మంచి ఉదాహరణ. 1856లో వర్జీనియాలో బానిసగా పుట్టి, తర్వాత అలబామాలో టస్కీగీ విద్యాసంస్థను నిలబెట్టిన నాయకుడు ఈయన. విముక్తి తర్వాత వెస్ట్ వర్జీనియాలో బడికి వెళ్లేదాకా ఈయనను అందరూ బుకర్ అనే పిలిచేవారు. బడిలో హాజరు పిలుస్తుంటే మిగతా పిల్లలందరికీ కనీసం రెండేసి పేర్లున్నాయని, కొందరికి మూడు కూడా ఉన్నాయని గమనించాడు. తనకు ఒక్కటే ఉందని కంగారు పడ్డాడు. తన వంతు వచ్చేసరికి ఏం చెప్పాలో ఆలోచించుకుని, పుట్టినప్పటినుంచీ అదే పేరన్నంత నిబ్బరంగా బుకర్ వాషింగ్టన్ అని చెప్పేశాడు. చిన్నప్పుడు తల్లి తనకు బుకర్ తాలియాఫెర్రో అని పెట్టిందని తర్వాత తెలిసి, దాన్ని మధ్యలో చేర్చుకున్నాడు. ఆయన సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్. అంటే జార్జ్ మీద గౌరవం కంటే ఇంట్లో రోజూ వినబడే పేరు నోటికి వచ్చి ఉండటానికే అవకాశం ఎక్కువ. ఆ సవతి తండ్రికి ఆ పేరు ఎందుకు పెట్టారంటే మాత్రం మళ్లీ జార్జ్ దగ్గరికే పోవాలి. 19వ శతాబ్దపు అమెరికాలో, తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ, వాషింగ్టన్ అని కొడుక్కి పేరు పెట్టడం మామూలే.

మరి విముక్తి ప్రకటించిన లింకన్ పేరు ఎందుకు అంతగా తీసుకోలేదు? లింకన్ కూడా ఇంగ్లండ్‌లోని ఊరిపేరే. అమెరికాలో ఆ ఇంటిపేరున్నవాళ్లలో నేటికీ తెల్లవాళ్లే ఎక్కువ. దీనికి అన్నిటికంటే నమ్మదగిన జవాబు కాలక్రమంలో ఉంది. లింకన్ అధ్యక్షుడయ్యే నాటికే బానిస కుటుంబాల్లో చాలావాటికి ఇంటిపేర్లు ఉన్నాయి. కృతజ్ఞతతో పేరు పెట్టుకున్నారన్న వాదన వినడానికి బాగుంటుంది, కానీ అదే నిజమైతే లింకన్‌లు లక్షల్లో ఉండాలి. వాషింగ్టన్ పేరు అంతకు మూడు తరాల ముందునుంచే దేశమంతా వినబడుతోంది. ఊళ్లకు, పిల్లలకు, కౌంటీలకు అదే పేరు. ఇంటిపేరు ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు, ఎవరి సొత్తూ కానట్టుగా, అందరికీ తెలిసినదిగా, తమను కొట్టిన దొరది కానిదిగా ఉన్న పేరు అది.

సంఖ్య ఎలా వచ్చిందో ఒక కాకిలెక్క వేసి చూడొచ్చు. 1870 జనగణనలో అమెరికా నల్లజాతి జనాభా సుమారు 49 లక్షలు. 2000 నాటికి సుమారు 3.47 కోట్లు, అంటే ఏడు రెట్లు. 2000లో నల్లజాతి వాషింగ్టన్‌లు దాదాపు 1,47,000. దాన్ని ఏడుతో భాగిస్తే 21,000. అంటే 1870 ప్రాంతంలో ప్రతి 230, 240 మందిలో ఒక్కరికి ఈ పేరు ఉంటే చాలు, ఇవాళ్టి లెక్క సరిపోతుంది. ఆనాడు దక్షిణాన చాలామందిని లెక్కించకుండా వదిలేశారు, తర్వాత ఆఫ్రికా నుంచి, కరీబియన్ నుంచి వలసలు వచ్చాయి, కాబట్టి ఇది పక్కా లెక్క కాదు. కానీ విషయం అర్థమవుతుంది. 1860లో 39.5 లక్షల మంది బానిసలుగా ఉన్నారు. కొద్ది ఏళ్ల వ్యవధిలో అంతమంది పేర్లు ఒకేసారి రిజిస్టర్లకెక్కాయి. అందులో ఏ పేరుకు అర శాతం కంటే తక్కువ పడినా సరే, ఓడలో వచ్చి స్థిరపడ్డ ఒకే ఇంటి సంతానం దాన్ని అందుకోలేదు. తెల్ల వాషింగ్టన్‌లు తగ్గిపోలేదు. వాళ్లెప్పుడూ కొద్దిమందే.

1910 నుంచి 1970 వరకు దాదాపు 60 లక్షల మంది నల్లజాతివారు దక్షిణ రాష్ట్రాలు వదిలి ఉత్తరాదికి, పశ్చిమ తీరానికి వెళ్లారు. ఇంటిపేరు వాళ్లతోనే షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్, లాస్ ఏంజెలస్ చేరింది. 1983లో షికాగోకు తొలి నల్లజాతి మేయరైన హెరాల్డ్ వాషింగ్టన్ ఆ నగరంలోనే పుట్టినవాడు. వాషింగ్టన్ నగరానికి సొంత పాలన వచ్చాక 1975లో మేయరైనాయన పేరు వాల్టర్ వాషింగ్టన్. వాషింగ్టన్ మేయర్ వాషింగ్టన్ అని వార్త రాయాల్సి వచ్చినప్పుడు విలేకర్లు ఎంత ఇబ్బంది పడ్డారో ఊహించుకోవచ్చు.

నటుడు డెంజెల్ వాషింగ్టన్ విషయంలో ఊళ్లు, ఇంటిపేర్లు మరీ చిక్కుముడి పడ్డాయి. ఆయన పుట్టింది 1954లో, న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ వెర్నాన్‌లో. ఆ పట్టణానికి ఆ పేరు జార్జ్ ఎస్టేటు నుంచి వచ్చింది. ఎస్టేటుకు ఆ పేరు పెట్టింది జార్జ్ సవతి అన్న లారెన్స్, తాను ఎవరి కింద యుద్ధం చేశాడో ఆ ఇంగ్లిష్ నౌకాదళాధికారి ఎడ్వర్డ్ వెర్నాన్ మీద గౌరవంతో. వెర్నాన్ కూడా ఊరిపేరే, ఫ్రాన్స్‌లో నార్మండీ నుంచి వచ్చిన ఇంటిపేరు. ఫ్రెంచి ఊరు ఇంగ్లిష్ ఇంటిపేరై, అది వర్జీనియా ఇల్లై, తిరిగి న్యూయార్క్ దగ్గర ఊరైంది. ఒక్క మనిషి జనన ధ్రువపత్రంలో రెండు పాత ఊళ్లున్నాయి, రెంటితోనూ ఆయన కుటుంబానికి చుట్టరికం లేదు.

ఇంటిపేరు మళ్లీ ఊరిపేరు కావడం 1791లోనే మొదలైంది. కొత్త రాజధానికి జార్జ్ బతికుండగానే ఆయన పేరు పెట్టారు. 1853లో పసిఫిక్ తీరంలో కొత్త ప్రాంతం ఏర్పరచినప్పుడు స్థానికులు అడిగిన పేరు కొలంబియా. రాజధాని ఉన్న డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియాతో కలిసిపోతుందని భయపడి కాంగ్రెస్ దాన్ని వాషింగ్టన్‌గా మార్చింది. ఆ తికమక తప్పించబోయి తెచ్చిపెట్టిన తికమక ఇప్పటికీ తీరలేదు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాల మీద రెడ్‌మండ్, బెల్వ్యూ వెళ్లిన తెలుగు కుటుంబాలు ఇక్కడి బంధువులకు ‘ఆ వాషింగ్టన్ కాదండీ, సియాటెల్ వైపు’ అని ఫోన్‌లో చెప్పని రోజుండదు.

బ్రెజిల్ లాంటి దేశాల్లో అది అసలు పేరుగానే దిగింది. అక్కడ 1926 నుంచి 1930 దాకా అధ్యక్షుడు వాషింగ్టన్ లూయిస్. మన దగ్గర ఇంకో రకం. మూడు సీజన్లు సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన క్రికెటర్ వాషింగ్టన్ సుందర్‌కు ఆ పేరు అమెరికా అధ్యక్షుడి వల్ల రాలేదు. చిన్నప్పుడు తన చదువుకూ ఆటకూ అండగా నిలిచిన చెన్నై మాజీ సైనికుడు ఒకాయన పేరును తండ్రి కొడుక్కి పెట్టుకున్నాడు. వేట కుక్కలను తోలుకెళ్లాల్సిన విలియం గారి ఊరిపేరు ఉప్పల్ స్టేడియంలో జనం అరిచేదాకా వచ్చింది, మధ్యలో ఎవరికీ ఎవరితో సంబంధం లేకుండానే.

ఊరికి తిరిగి వెళ్లే యాత్ర కూడా ఉంది. డర్హమ్ వాషింగ్టన్‌లోని పాత గఢీ కూలిపోయే స్థితిలో ఉంటే 1936లో స్థానికులు కమిటీ వేసుకుని కాపాడుకున్నారు. ఇప్పుడు అది నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. కనిపించే కట్టడంలో ఎక్కువ భాగం 17వ శతాబ్దానిది. 1977లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వచ్చి ఊళ్లో చెట్టు నాటారు. అమెరికన్లు ఏటా వస్తుంటారు. ఆ ఇల్లు ఏ కుటుంబానిదో ఆ కుటుంబపు చెట్టు గోడమీద కొమ్మకొమ్మా గీసి ఉంటుంది, ఎందుకంటే 1183 నుంచీ వాళ్లు భూమి కొన్న, అమ్మిన, పన్ను కట్టిన కాగితాలు ఉన్నాయి.

నల్లజాతి వాషింగ్టన్ ఒకరు తన వంశం వెతకడం మొదలుపెడితే దారి 1870 దగ్గర ఆగుతుంది. మాజీ బానిసలను పేర్లతో రాసిన మొదటి జనగణన అదే. దాని వెనక్కి వెళ్లాలంటే ఫ్రీడ్‌మెన్స్ బ్యాంకు రిజిస్టర్లు పనికొస్తాయి. విముక్తులైన నల్లజాతివారి కోసం 1865లో పెట్టిన ఆ బ్యాంకు 1874లో మూతపడి చాలామంది ఖాతాదార్ల డబ్బు పోయింది, రిజిస్టర్లు మాత్రం మిగిలాయి. ఖాతా తెరిచేటప్పుడు సంతకం సరిపోల్చుకోవడానికి బదులు మనిషిని గుర్తుపట్టే వివరాలు అడిగి రాసుకునేవారు: పుట్టిన చోటు, పెరిగిన చోటు, పాత యజమాని పేరు, ఎస్టేటు, తల్లిదండ్రులు, భార్య, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అన్ని గడులూ అందరికీ నింపలేదు. కానీ ఖాతాదారు ఇంటిపేరు ఒకటి, పాత యజమానిది ఇంకొకటి అయినప్పుడు, తండ్రి పేరు పక్కన ‘అమ్మేశారు’ అని రాసి ఉన్నప్పుడు, వంశం వెతికేవాళ్లకు పని మొదలయ్యేది ఆ రెండు గడుల దగ్గరే. యజమాని పేరు దొరికితే అతని వీలునామాలు, ఆస్తి పంపకాల పత్రాలు, అమ్మకం రసీదులు కౌంటీ కోర్టులో దొరుకుతాయి. అక్కడినుంచి ఇంటిపేరుతో పనిలేదు. ఒక్క పేరు, వయసు, వెల పట్టుకుని వెతుక్కుంటూ పోవాలి.